లాంబెత్ తీర్మానము నుండి ఆపరేషన్ క్యాంపు వరకు: గర్భనిరోధము విషయములో సంఘము నడచిన దారి

గర్భనిరోధము అనే మాట మన సంఘములలో ప్రసంగ వేదిక మీద దాదాపుగా వినిపించదు. స్త్రీల కూడికలలో గుసగుసగా, ఆసుపత్రి వరండాలో బహిరంగముగా వినిపిస్తుంది. మన తెలుగు క్రైస్తవ కుటుంబములలో రెండవ బిడ్డ పుట్టగానే తల్లికి ఆపరేషన్ చేయించడము ఎంత మామూలు సంగతో కాపరులందరికీ తెలుసు. ఒకప్పుడు సంఘము పాపమని పలికిన దానిని నేడు సంఘ సభ్యులు ఏ ప్రశ్నా లేకుండా చేస్తున్నారు. ఈ రెంటి మధ్య ఏమి జరిగింది? సంఘము మనసు మార్చుకున్నదా, లేక మాట్లాడడము మానుకున్నదా? ఈ వ్యాసములో మేము పరిశీలించదలచినది ఇదే. మా అభిప్రాయము ముందే చెప్పడము మంచిది. సంఘము తరతరాలుగా సాధనములను గురించి వాదించింది. ఏ సాధనము తగునో, ఏది తగదో తేల్చడానికి శ్రమపడింది. ఆ భారము ఎవరి శరీరము మీద పడుతుంది, ఎవరి సమ్మతితో పడుతుంది అన్న ప్రశ్న మాత్రము ఆ వాదము బయటనే ఉండిపోయింది.

తామారును మరచిన వ్యాఖ్యానము

గర్భనిరోధమును ఖండించినవారు సాధారణముగా మొదట తెరచిన పుట ఆదికాండము 38వ అధ్యాయము. యూదా పెద్ద కుమారుడైన ఏరు సంతానము లేకుండ చనిపోయాడు. అన్న పేరు నిలబెట్టవలసిన బాధ్యత తమ్ముడైన ఓనాను మీద పడింది. పుట్టబోయే బిడ్డ తన వంశమునకు చెందడని ఎరిగి, ఓనాను తామారుతో కూడినప్పుడెల్లా రేతస్సును నేలపాలు చేశాడు. దేవుడు అతనిని చంపాడని గ్రంథము చెబుతున్నది.

ఇందులో పాపమేది? మరిది ధర్మమును నిరాకరించినవానికి ద్వితీయోపదేశకాండము 25:5-10లో మరణశిక్ష లేదు, చెప్పు ఊడదీసి అవమానించడమే ఉన్నది. కాబట్టి ఓనాను చచ్చింది ఆ క్రియ వలననే అని ఒక పక్షము వాదించింది. అయితే ఓనాను పెద్దల ఎదుట నిరాకరించినవాడు కాడు. ఒప్పుకున్నట్టు నటించి, విధవరాలి శరీరమును వాడుకొని, ఆమెకు రావలసిన బిడ్డను రానీయనివాడు. మా దృష్టికి ఈ రెండవ అర్థమే కథకు దగ్గరగా ఉన్నది. ఎందుకంటే కథ ఓనానుతో ఆగదు. యూదా కోడలిని పుట్టింటికి పంపి, మూడవ కుమారుని విషయములో మాట తప్పాడు. చివరికి ఆమె తనకంటె నీతిగలదని తన నోటితోనే ఒప్పుకున్నాడు (38:26). మత్తయి ఆమె పేరును యేసు వంశావళిలో చేర్చాడు (1:3). ఇంత జరిగినా, శతాబ్దముల వ్యాఖ్యానములలో ఓనాను చేసిన పని మిగిలింది గాని తామారుకు జరిగిన అన్యాయము మిగలలేదు.

ఈ వ్యాఖ్యానమునకు బలము ఇచ్చినవాడు అగస్టీను. అతని సందర్భము మనము మరువరాదు. యౌవనములో సుమారు తొమ్మిది సంవత్సరములు అతడు మానికేయుల బోధ విన్నవాడు. సంతానము కనడమంటే వెలుగును దేహము అనే చెరసాలలో మరల బంధించడమే అని ఆ మతస్థుల నమ్మకము. క్రైస్తవుడైన తరువాత 388లో మానికేయుల నీతిని విమర్శిస్తూ వ్రాసిన గ్రంథములో, స్త్రీ గర్భము ధరించే అవకాశము ఎక్కువగా ఉన్న దినములలో భార్యకు దూరముగా ఉండమని వారిచ్చిన సలహాను అతడు ఎత్తిపొడిచాడు. విచిత్రమేమంటే, తరువాతి కాలములో రోమను కతోలిక సంఘము అనుమతించిన ఒకే ఒక పద్ధతి, అంటే దినముల లెక్క, ఈ సలహాకు దగ్గర చుట్టమే. 401 ప్రాంతములో వివాహపు మేలును గురించి వ్రాసినప్పుడు అగస్టీను సంతానము, నమ్మకత్వము, విడదీయరాని బంధము అని మూడు మేళ్ళు చెప్పాడు. వివాహమును తక్కువచేసే వారి ఎదుట దానిని నిలబెట్టాలన్నదే అతని తపన. లూథరు, కాల్విన్ ఇద్దరూ తమ ఆదికాండ వ్యాఖ్యానములలో ఓనాను క్రియను తీవ్రముగానే ఖండించారు. కనుక గర్భనిరోధమును వ్యతిరేకించినది కతోలికులు మాత్రమే అనే మాట మన ప్రొటెస్టంటు తరగతి గదులలో ఇకనైనా వినిపించకూడదు. 1930 వరకు ఏ ప్రధాన సంఘమూ దానిని అధికారికముగా అంగీకరించలేదు.

పాదిరీలు, వారి ఇండ్లు

జనసంఖ్య మీద 1798లో ప్రసిద్ధ వ్యాసము వ్రాసిన తామస్ రాబర్ట్ మాల్థస్ ఆంగ్లికన్ పాదిరీయే. ఆలస్యముగా పెండ్లి చేసుకొని, అంతవరకు నిగ్రహముతో ఉండమన్నాడు గాని గర్భనిరోధమును అతడు ఒప్పుకోలేదు. 1805 నుండి 1834లో మరణించేవరకు ఈస్టిండియా కంపెనీ వారి హెయిలీబరీ కళాశాలలో బోధించాడు. భారతదేశమునకు అధికారులుగా వచ్చిన యువకులు అక్కడనే చదువుకున్నారు. పేదవాని ఆకలికి కారణము పేదవాడు కన్న పిల్లలే అన్న ఆలోచన మన దేశపు పరిపాలనలోనికి వచ్చిన దారులలో ఇది ఒకటి.

మాల్థస్ ఒప్పుకోని సాధనములను అతని పేరు చెప్పుకునేవారే ప్రచారము చేశారు. 1839లో గుడ్‌ఇయర్ రబ్బరును గట్టిపరచే విధానము కనుగొనిన తరువాత రబ్బరు కండోములు, గర్భాశయ ముఖమును మూసే మూతలు బజారులోనికి వచ్చాయి. 1877లో లండన్‌లో చార్లెస్ బ్రాడ్లా, అనీ బిసెంట్ అనే ఇద్దరి మీద విచారణ జరిగింది. అమెరికా వైద్యుడు చార్లెస్ నోల్టన్ 1832లో వ్రాసిన గర్భనిరోధపు చిన్న పుస్తకమును మళ్ళీ అచ్చువేయడమే వారి నేరము. ఆరు నెలల శిక్ష పడింది. అభియోగ పత్రములోని సాంకేతిక లోపము వలన పై కోర్టు 1878లో దానిని కొట్టివేసింది. విచారణ పుణ్యమా అని ఆ పుస్తకము కొద్ది నెలలలోనే లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది.

ఆ అనీ బిసెంట్ లింకన్‌షైరులోని సిబ్సీ గ్రామపు ఆంగ్లికన్ పాదిరీ ఫ్రాంక్ బిసెంట్ భార్య. అప్పటికే ఆయనకు దూరమై ఉన్నది. 1878లో న్యాయస్థానము ఆమె కుమార్తెను ఆమె వద్దనుండి తీసివేసి తండ్రికి అప్పగించింది. 1891లో, దివ్యజ్ఞాన సమాజములో చేరిన తరువాత, జనసంఖ్య మీద తాను వ్రాసిన చిన్న పుస్తకమును ఆమె స్వయముగా వెనుకకు తీసుకున్నది. కాబట్టి 1893లో మన దేశమునకు వచ్చినప్పుడు, 1915లో మదనపల్లెలో కళాశాల నెలకొల్పినప్పుడు మనవారు చూచినది ఆ పాత అనీ బిసెంటును కాదు.

ఇంతలో ఇంగ్లండులో ఇండ్లు మెల్లమెల్లగా చిన్నవైపోయాయి. 1911 జనాభా లెక్కలలో చదువుకున్న వృత్తులవారి కుటుంబములు సగటు కంటె చిన్నవని తేలింది. ఆంగ్లికన్ పాదిరీల కుటుంబములు కూడా వాటిలో ఉన్నాయి. వేదిక మీద మాట ఒకటి, ఇంటిలో నడత మరొకటి.

ఇరువది రెండు సంవత్సరములు

పది సంవత్సరములకు ఒకమారు ఆంగ్లికన్ బిషప్పులు కూడే లాంబెత్ మహాసభ 1908లో కృత్రిమ పద్ధతులన్నిటిని నిరాకరించమని క్రైస్తవులను కోరింది. అవి శీలమును చెరుపుతాయి, జాతి క్షేమమునకు విరోధము అన్నది దాని వాదన. ఆ రెండవ కారణములో వాక్యము కంటె సామ్రాజ్యపు చింత ఎక్కువగా కనిపిస్తున్నది.

1920 సభ తిరిగి హెచ్చరించింది. అయితే చరిత్రకారులు ఎక్కువగా ఎత్తని మరొక తీర్మానము దాని వెంటనే ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధములో బ్రిటిషు సైన్యములో సుఖవ్యాధులతో ఆసుపత్రి చేరికలు సుమారు 4 లక్షలు. ఆ సైనికులు ఇండ్లకు తిరిగి వచ్చారు. వారి భార్యల సంగతి ఏమిటి? వ్యాధి తగలకముందే వాడే రక్షణ సాధనములను పంచడము దుర్నీతికి ఆహ్వానమే అని 69వ తీర్మానములో బిషప్పులు వాటిని వ్యతిరేకించారు. సాధనము తప్పుచేసేవానికి ధైర్యము ఇస్తుందన్న భయము వారికి ఉన్నది. తప్పు చేయని భార్యకు, ఆమె కడుపులోని బిడ్డకు ఆ సాధనము రక్షణ కావచ్చునన్న ఆలోచనకు అందులో చోటు దొరకలేదు. 80 సంవత్సరముల తరువాత మన సంఘములలో అదే వాదన దాదాపు అదే రూపములో వినిపించింది. దానికి మరల వస్తాము.

1921లో మేరీ స్టోప్స్ లండన్‌లో గర్భనిరోధ కేంద్రము తెరచింది. అదే సంవత్సరము బర్మింగ్‌హామ్‌లో జరిగిన సంఘ సమావేశములో రాజవైద్యుడైన లార్డ్ డాసన్ బిషప్పుల మాటను బహిరంగముగా ఎదిరించాడు. దంపతుల ప్రేమను కేవలము సంతానోత్పత్తికి కట్టివేయడము వాస్తవమునకు దూరమని ఆయన వాదన. చివరకు 1930 లాంబెత్ సభ 15వ తీర్మానమును 193 ఓట్లతో ఆమోదించింది. 67 మంది వ్యతిరేకించారు. సంతానమును పరిమితము చేసుకోవలసిన స్పష్టమైన నైతిక బాధ్యత ఉన్నచోట పూర్తి నిగ్రహమే మొదటి మార్గమని తీర్మానము చెప్పింది. దానిని విడిచిపెట్టుటకు నీతిగల కారణము ఉన్నప్పుడు ఇతర పద్ధతులను వాడవచ్చునని, స్వార్థము కొరకు, సుఖము కొరకు, కేవలము సౌకర్యము కొరకు వాడరాదని కూడా చెప్పింది. విశ్రాంత బిషప్ చార్లెస్ గోర్ వంటివారు దీనిని గట్టిగా ఖండించారు. అదే సంవత్సరము డిసెంబరు 31న పోపు 11వ పయస్ పరిపత్రము వెలువడి కృత్రిమ పద్ధతులన్నిటిని నిషేధించింది. 1931 మార్చిలో అమెరికాలో ప్రొటెస్టంటు సంఘముల ఫెడరల్ కౌన్సిల్ కమిటీ లాంబెత్ దారినే పట్టింది.

ఈ మలుపు మనకు దూరపు సంగతి కాదు. దక్షిణ భారత సంఘైక్య ప్రణాళికను పరిశీలించి ప్రోత్సహించినది ఈ 1930 సభయే. ఆ ఐక్యత కొరకు శ్రమించినవారిలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యగారు ముఖ్యులు. ఐక్యత తీర్మానమును మనవారు 1947 వరకు మోశారు, చర్చించారు, ఉత్సవము చేశారు. వివాహపు తీర్మానము ఓడ దిగినట్టు లేదు. దానికి కారణము కూడా ఉన్నది. దోర్నకల్ అధ్యక్షమండలములోని మాల, మాదిగ కూలి కుటుంబములకు పిల్లలు ఎక్కువగా పుట్టడము కంటె పుట్టిన పిల్లలు దక్కకపోవడమే పెద్ద దుఃఖము. ఆ కాలములో మన దేశములో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 150 మందికి పైగా శిశువులు ఏడాది నిండకముందే పోయేవారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. లండన్ కుటుంబపు ప్రశ్న దోర్నకల్ కుటుంబపు ప్రశ్న కాలేదు.

పూసల దండ, లూప్, నిరోధ్

1930 జూన్‌లో, అంటే లాంబెత్ తీర్మానమునకు కొద్ది వారముల ముందే, మైసూరు సంస్థానము ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భనిరోధ కేంద్రములు తెరవ నిశ్చయించింది. 1935 డిసెంబరులో అమెరికా నుండి మార్గరెట్ సాంగర్ వచ్చి వార్ధాలో గాంధీజీతో సంభాషించింది. స్త్రీల కష్టము ఆయనకు తెలియనిది కాదు. అయినా సాధనములు భోగమునకు దారి తీస్తాయని, బ్రహ్మచర్యమే మార్గమని నిలిచాడు. ఆయన వాదన, 1908 నాటి బిషప్పుల వాదన పక్కపక్కన పెట్టి చదివితే ఎవరిది ఏదో చెప్పడము కష్టమే.

స్వతంత్ర భారతపు మొదటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ క్రైస్తవ కుటుంబములో పుట్టినవారు, గాంధీజీ అనుచరురాలు. 1952లో ప్రపంచములో మొదటిసారిగా ఒక జాతీయ ప్రభుత్వము కుటుంబ నియంత్రణ కార్యక్రమము చేపట్టినప్పుడు, ఆమెకు ఒప్పుకోదగినదిగా తోచినది దినముల లెక్క ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున వచ్చిన అబ్రహాం స్టోన్ సలహాతో మైసూరులోని రామనగరంలో, ఢిల్లీలోని లోదీ కాలనీలో ప్రయోగము జరిగింది. చదువురాని స్త్రీలు లెక్క తప్పకుండ రంగు పూసల దండలు ఇచ్చారు. రోజుకొక పూస జరపాలి. పూస రంగునుబట్టి దూరముగా ఉండవలసిన దినములు తెలుస్తాయి. ప్రయోగము నిలవలేదు. దండ స్త్రీ చేతిలో ఉన్నది గాని ఆ రాత్రి నిర్ణయము ఆమె చేతిలో లేదు.

1965లో లూప్ వచ్చింది. లక్షలమందికి వేశారు, రక్తస్రావము మొదలైనవారిని తరువాత చూచినవారు తక్కువ. ఆ పేరు పల్లెలలో చెడిపోయింది. 1968లో నిరోధ్ వచ్చింది. మూడింటి ప్యాకెట్టు 15 పైసలు. టీ పొడి, సబ్బులు, సిగరెట్లు అమ్మే కంపెనీల ద్వారా కిరాణా కొట్టుకు, బడ్డీ కొట్టుకు చేర్చారు. గోడల మీద ఎర్ర త్రికోణము తెలియని పల్లె లేదు. అదే 1968 జూలైలో, మార్పునకు అనుకూలించిన తన కమిషన్ అధిక సంఖ్యాకుల మాటను కాదని, పోపు 6వ పాల్ కృత్రిమ పద్ధతులమీది నిషేధమును కొనసాగించాడు.

అత్యవసర పరిస్థితి కాలములో సమ్మతి అన్న మాటయే ఎగిరిపోయింది. 1976-77 ఒక్క సంవత్సరములో దేశములో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో సుమారు 62 లక్షలు పురుషులకు. టీచర్లకు, గ్రామాధికారులకు లక్ష్యములు విధించారు. షా కమిషన్ నివేదిక 1,774 మరణములను నమోదు చేసింది. 1977లో ప్రభుత్వము ఓడిపోయింది. మరుసటి ఏట ఆపరేషన్లు 10 లక్షలలోపునకు పడిపోయాయి. తరువాత జరిగినదే మన కథకు ముఖ్యము. పురుషులు ఎదురుతిరిగారు, ఓటు వేశారు, బయటపడ్డారు. కార్యక్రమము ఆగలేదు, స్త్రీల వైపు తిరిగింది. వేసెక్టమీ సులభమైనది, కడుపు కోయనక్కరలేనిది. అయినా బరువు పనికి పనికిరాకుండా పోతామన్న అపోహ ఇంటింటా నిలిచిపోయింది. కు.ని. ఆపరేషన్ అంటే ఆడవారి ఆపరేషన్ అయింది.

ఆపరేషన్ ఆపలేని వ్యాధి

2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 63 శాతము మంది ఆపరేషన్ చేయించుకున్నవారు. పురుషుల ఆపరేషన్ 3 శాతము. కండోమ్ వాడుక ఒక శాతము కూడా లేదు. అదే సర్వేలో రాష్ట్రములో వయోజనులలో దాదాపు ఒక శాతము మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్టు తేలింది. ఆ దశకములో దేశము మొత్తములో హెచ్.ఐ.వి.తో జీవించువారు ఎక్కువమంది ఉన్న రాష్ట్రము మనదే.

ఈ అంకెలను కలిపి చదవాలి. ట్యూబెక్టమీ గర్భమును ఆపుతుంది, వ్యాధిని ఆపదు. ఇరువది మూడు, ఇరువది నాలుగు సంవత్సరములకే ఆపరేషన్ అయిపోయిన భార్య, భర్తను కండోమ్ వాడమని ఏ కారణము చెప్పి అడగాలి? పిల్లలు పుట్టరు గదా అంటాడు. అనుమానమా అంటాడు. ఒక్క పురుషుని తప్ప ఎరుగని స్త్రీలకు పెండ్లి మంచము మీదనే వ్యాధి సోకింది. అనేకులకు ఆ సంగతి ప్రసవ సమయములో చేసిన రక్త పరీక్షలోనే తెలిసింది. ఆ కాలములో మన సంఘములు సమాధి కార్యక్రమములు జరిపాయి, అనాథ పిల్లలను చేర్చుకున్నాయి, కొన్ని మిషను ఆసుపత్రులు రోగులను ముట్టుకొని సేవ చేశాయి. బోధలో మాత్రము పవిత్రత, నమ్మకత్వము అనే రెండు మాటల దగ్గర ఆగినవారే ఎక్కువ. అవి సత్యమే. నమ్మకముగా ఉన్న భార్యకు మాత్రము అవి సరిపోలేదు. 1920 నాటి 69వ తీర్మానము ఎవరూ చదవకపోయినా మన మధ్య బ్రతికే ఉన్నది.

పౌలు 1 కొరింథీయులకు 7:3-5లో వ్రాసినది ఇక్కడ జ్ఞాపకము చేసుకోవలసినది. భార్య శరీరము మీద భర్తకు అధికారమున్నదని చెప్పిన పౌలు, అదే ఊపిరిలో భర్త శరీరము మీద భార్యకు అధికారమున్నదని చెప్పాడు. దూరముగా ఉండవలసి వస్తే ఇద్దరి సమ్మతితోనే అన్నాడు. గ్రీకు, రోమా గృహనీతిలో ఆ రెండవ సగము వినడానికి కొత్తది. వివాహ ప్రసంగములలో మొదటి సగము విన్నంతగా రెండవ సగము మేము వినలేదు. ఆ వచనము ప్రకారము, వ్యాధి ప్రమాదమున్నప్పుడు కండోమ్ వాడమని అడిగే భార్య అవిధేయురాలు కాదు. తనకు లేఖనము ఇచ్చిన అధికారములోనే మాట్లాడుతున్నది. 2010లో ప్రచురితమైన సంభాషణ గ్రంథములో పోపు 16వ బెనెడిక్ట్ కూడా, వ్యాధి సోకకుండ ఆపే ఉద్దేశముతో కండోమ్ వాడడము కొన్ని సందర్భములలో బాధ్యత వైపు మొదటి అడుగు కావచ్చునని అన్నాడు. నిషేధమును ఆయన ఎత్తివేయలేదు. ఆయన ప్రశ్నను మార్చాడు.

2019-21 సర్వేలో దేశము మొత్తము మీద స్త్రీల ఆపరేషన్ 37.9 శాతము, పురుషులది 0.3 శాతము. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల ఆపరేషన్ దాదాపు 70 శాతము. క్యాంపులను మూడు సంవత్సరములలో నిలిపివేయమని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించినా, 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజున 34 మందికి ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు తల్లులు మరణించారు. ఇద్దరు పిల్లలకు మించినవారు పంచాయతీ ఎన్నికలలో నిలబడరాదని 1994 చట్టములో పెట్టిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమని నాయకులు కోరుతున్నారు. అప్పుడు లెక్క తగ్గించమన్నారు, ఇప్పుడు పెంచమంటున్నారు. రెండుమార్లూ ఆ మాట పడింది ఆమె ఒంటి మీదనే.

కాపరికి దంపతులతో మాట్లాడే సమయము లేకపోలేదు. వివాహ ప్రకటన చదివే మూడు ఆదివారములలో వధూవరులు ఆయన ఎదుటనే ఉంటారు. హెచ్.ఐ.వి. పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమని, ఫలితము రహస్యముగా ఉంచుతారని అప్పుడు చెప్పవచ్చును. పిల్లల మధ్య ఎడమునకు మాత్రలు, కాపర్-టి, ఇంజక్షన్ ఉన్నాయని, వాటిలో ఏదీ సుఖవ్యాధులను ఆపదని, గర్భమును వ్యాధిని రెంటినీ అడ్డుకునేది కండోమ్ ఒక్కటేనని చెప్పవచ్చును. ఇక పిల్లలు చాలని ఇద్దరూ కలిసి తీర్మానించుకున్న నాడు వేసెక్టమీ సంగతి భర్తకు చెప్పాలి. స్థానికముగా మత్తు ఇచ్చి కొద్ది నిమిషములలో చేస్తారు, అదే రోజు ఇంటికి పంపుతారు, కొద్ది దినముల విశ్రాంతి తరువాత పనికి పోవచ్చును, పురుషత్వమునకు లోపము రాదు. మూడు నెలల తరువాత వీర్య పరీక్షలో ఏమీ లేదని తేలేవరకు మాత్రము వేరొక పద్ధతి వాడవలసి ఉంటుంది.